ఏనుగులకని తవ్విన కందకం

కర్సో తాత బుట్టను అడవి కాపలా అధికారి హెల్మి కాలితో తన్నాడు. వంగి చేత్తో లాక్కుంటే అతని ఇస్త్రీ చొక్కా నలిగేది మరి. బుట్ట బోర్లాపడి, తాత పొద్దుటి నుంచి కోసిన కాఫీ పండంతా కందకంలోకి దొర్లిపోయింది. అడుగున వాననీళ్ళు నిలిచి ఉన్నాయి. తాలుకాయలు తేలాయి. మంచి పండు మునిగిపోయింది.

"రక్షిత అడవిలో పండింది ప్రభుత్వానిది, ముసలోడా. ఇవాళ బుట్టే పోయింది. మళ్ళీ కనిపించావంటే నువ్వే పోతావు," అన్నాడు హెల్మి.

"ఆ చెట్లు నేను నాటాను బాబూ."

"నాటమని ఎవడు చెప్పాడు?"

"మీ ప్రభుత్వమే. జావా నుంచి ఓడెక్కించి, లారీలో తెచ్చి ఇక్కడ దించి, ఈ అడవి కొట్టి బాగుపడండి అన్నారు. అప్పుడు నీకింకా పళ్ళు కూడా వచ్చుండవు."

కాపలావాళ్ళు గొల్లున నవ్వారు. నవ్వడం కూడా వాళ్ళ ఉద్యోగంలో భాగమే. హెల్మి నవ్వితే నవ్వాలి, హెల్మి ఆపితే ఆపాలి.

పలకల వంతెన ఇవతల, వెదురు టోపీ చేత్తో పట్టుకుని వాగియెమ్ ఇదంతా చూస్తోంది. ఆమె బుట్ట ఇంకా ఖాళీగానే ఉంది. ఆమె తోట కూడా కందకం అవతలే. కొమ్మలన్నీ ఎర్రబడ్డాయి. ఇంకొన్నాళ్ళు ఆగితే పండు రాలి నేలపాలవుతుంది. ఏడాదికొక్క కాపు. మొగుడు పోయిన ఇంట్లో ఇద్దరు పిల్లల తిండి ఆ కొమ్మల మీదే ఉంది.

కాపలావాళ్ళలో ఒకడు మాత్రం నవ్వకుండా తన బూట్లు చూసుకుంటున్నాడు. వాడు సగిమాన్, వాగియెమ్ తోడబుట్టిన తమ్ముడు. అడవిని కాపాడతామని వచ్చిన ప్రాజెక్టు ఇచ్చిన ఆకుపచ్చ చొక్కా వాడికి భుజాల దగ్గర వదులు.

"నువ్వు నవ్వవేంరా? జీతం ఇచ్చేది అందుకే కదా," అంది వాగియెమ్.

"అక్కా, ఇంటికి పో," అన్నాడు వాడు తలెత్తకుండా.

ఆమె కర్సో తాత చెయ్యి పట్టుకుని వెనక్కి నడిపించుకొచ్చింది. ఇంటి దగ్గరికొచ్చాక తాత, "ఆ కందకంలో నా వంతు ముక్క ఎక్కడుందో తెలుసా? సరిగ్గా వాడు బుట్ట తన్నిన చోటే. నా చేతులతో తవ్వాను," అన్నాడు.

నిజమే. ఆ కందకం తవ్వింది ప్రాజెక్టు కాదు, హెల్మి అసలే కాదు. తలాంగ్ కెమిరి ఊరే తవ్వుకుంది, పైసా కూలి తీసుకోకుండా, పాటలు పాడుకుంటూ, ఎవరి అన్నం వాళ్ళు కట్టుకొచ్చుకుని.

ఆ ఊళ్ళో ఒక అలవాటుంది. ఊరి పెద్ద అయిన లూరా ఇంటి ముందు వేలాడే బోలు కొయ్య డోలు మోగితే, ఇంటికొకరు పార పట్టుకుని బయటికి రావాలి. చావైతే గొయ్యి తవ్వాలి, దారి కొట్టుకుపోతే మట్టి పొయ్యాలి, ఎవరి కప్పు ఎగిరిపోయినా ఎత్తాలి. ఎందుకు మోగిందని అడగడం తప్పు. ముందు రావాలి, వచ్చాక చెబుతారు. జావాలో వాళ్ళ తాతల కాలం నుంచీ అంతే. ఆ అలవాటుతోనే ఈ కొండల్లో బతికి బట్టకట్టారు. ఆ అలవాటే వాళ్ళ మెడకు చుట్టుకుంది.

కందకం కోసం డోలు మోగించింది లూరా విర్యోనో. పక్కన పట్నం నుంచి వచ్చిన ప్రాజెక్టు అమ్మగారు, వినంతి. చేతిలో నీళ్ళ సీసా, మెడలో బిళ్ళ, మొహాన ఎండ తగలకుండా గుడ్డ. ఏనుగులు తోటలు తొక్కుతున్నాయి కాబట్టి వాటిని ఆపడానికి కందకం తవ్వుదాం అన్నారు. అందరికీ చొక్కాలు పంచారు. వాటి మీద 'నేను అడవిని ప్రేమిస్తున్నాను' అని రాసుంది. ఒక్క ఉతుక్కే 'అడవి' పోయింది. 'నేను', 'ప్రేమిస్తున్నాను' మిగిలాయి. ఎవర్ని ప్రేమించాలో తెలియక ఊరంతా ఆ చొక్కాలేసుకుని తిరిగారు.

గుర్తు కర్రలు ప్రాజెక్టువాళ్ళే పాతారు. ఆ కర్రల వెంబడే తవ్వమన్నారు. జుమియాతి అనే నోరు గల మనిషి ఒకత్తి ఉంది. ఆమె పార ఆపి అడిగింది.

"లూరా గారూ, ఏనుగులుండేది పైన అడవిలో కదా. కందకం తోటలకి పైన ఉండాలి గానీ కింద తవ్విస్తున్నారేంటి?"

"పెద్ద పెద్ద ఇంజనీర్లు చూసి పెట్టారు. వాళ్ళకంటే నీకెక్కువ తెలుసా?"

"నాకేం తెలుసులెండి. మరి మీ తోట దగ్గర మాత్రం కందకం ఒళ్ళు విరుచుకున్నట్టు పైకి తిరిగిందే?"

"అక్కడ బండ తగిలింది."

అక్కడ బండేమీ లేదు. నల్లమట్టి, వేలు పెడితే దిగుతుంది. కానీ జనం జుమియాతినే చూసి నవ్వారు. వాగియెమ్ కూడా నవ్వింది. పని చేసేచోట ప్రశ్నలడిగేవాళ్ళంటే పని తప్పించుకునేవాళ్ళని ఆ ఊరి లెక్క.

కందకం పూర్తయింది. వినంతి అమ్మగారు రిబ్బను కత్తిరించారు. తెల్లారేసరికి అవతలి గట్టున బోర్డు లేచింది: రక్షిత అడవి, లోపలికి రాకూడదు. వంతెన దగ్గర కాపలా గుడిసె లేచింది. ఊరి తోటలన్నీ అడవిలో కలిసిపోయాయి. లూరా తోట ఒక్కటే తోటగా మిగిలింది.

ఏనుగుల సంగతంటారా? వారం తిరక్కుండానే మంద వచ్చింది. ముందున్న పెద్ద ఆడ ఏనుగు గట్టు అంచున నిలబడి, ముంగాలితో మట్టిని గీరి గీరి పడగొట్టి, వెనక కాళ్ళ మీద కూలబడి లోపలికి జారి, ఇవతల గట్టును కూడా అలాగే తొక్కి మెట్టు చేసుకుని తాపీగా ఎక్కేసింది. మంద మొత్తం ఆ బాటే పట్టింది. లూరా పెరట్లో అరటితోట తినేసి, వచ్చిన దారినే పోయింది. ఏ బోర్డూ చదవలేదు. హెల్మి ఆ పూట గుడిసెలోంచి బయటికి తొంగి చూడలేదు. మనుషులొస్తేనే అతనికి ధైర్యం వచ్చేది.

తాత బుట్ట పోయిన మర్నాడు మధ్యాహ్నం సభ పెట్టారు. ఊళ్ళో గొణుగుడు ఎక్కువైందని లూరాయే పెట్టించాడు. అట్ట డబ్బాల్లో అన్నం, అందులో కోడిముక్క. వినంతి అమ్మగారు మైకు పట్టుకున్నారు.

"మీరు ఈ అడవికి యజమానుల్లాంటివాళ్ళు. ప్రపంచం మొత్తం మీ అడవి గాలే పీలుస్తోంది. ఆ గాలికి విదేశాలవాళ్ళు ఖరీదు కడుతున్నారు. మీకు గర్వంగా లేదూ?"

"గర్వంగానే ఉందమ్మా. మరి మా గాలి అమ్ముకున్న డబ్బు ఎవరి జేబులో ఉంది?" అని అడిగింది జుమియాతి.

"అది పద్ధతి ప్రకారం వస్తుంది. ఈలోగా మీకు తేనెటీగల పెంపకం నేర్పిస్తాం."

"ఈగలు కందకం దాటొచ్చా? వాటికి హెల్మి గారి చీటీ ఉండాలా?"

జనం నవ్వారు. ఈసారి జుమియాతిని చూసి కాదు. లూరా మొహం మాడ్చుకుని, "అన్నం డబ్బాలు తీసుకుని మర్యాదగా తిని పొండి," అన్నాడు. కర్సో తాత లేచి తన డబ్బా తీసుకెళ్ళి బల్ల మీద, వినంతి అమ్మగారి నీళ్ళ సీసా పక్కన పెట్టాడు.

"మా తోటలో పండితే దొంగసొత్తు. మీ డబ్బాలో పెడితే అన్నమా? మీరే తినండి," అన్నాడు.

వెనక ఒక్కొక్కళ్ళే లేచారు. అందరూ కాదు. కొందరు ముందు కోడిముక్క తినేసి, ఖాళీ డబ్బా తెచ్చి పెట్టారు. పౌరుషం కూడా అన్ని ఇళ్ళలో ఒకేసారి ఉడకదు.

వాన మొదలైంది. జుమియాతి ఇంటి వసారాలోకి ఇరవై ముప్ఫై మంది చేరి అరుచుకున్నారు.

"పై ఆఫీసుకి అర్జీ పెడదాం," అన్నాడొకడు.

"పెట్టు. నీ మనవడికి జవాబొస్తుంది."

"హెల్మికి తలా ఒక బస్తా ఇస్తే చూసీ చూడనట్టు వదిలేస్తాడంట. కిందింటివాళ్ళు ఇచ్చారు."

"ఇచ్చి చూడు. రేపు రెండు అడుగుతాడు. వాడి కడుపు కందకం కంటే లోతు."

"గుడిసె తగలబెడితే?"

"పొగ ఆరకముందే సైన్యం దిగుతుంది. తర్వాత నువ్వు పట్నం జైల్లో, నీ పెళ్ళాం వంతెన దగ్గర."

"డోలు కొట్టి అందరం ఒక్కసారే పోదాం," అంది జుమియాతి.

"డోలు లూరా ఇంటి ముందుంది. కొట్టే హక్కూ వాడిదే. కొడితే వాడు చెప్పిందే ఊరి పని అవుతుంది. ఆ డోలుకే కదా మనం పరిగెత్తుకుంటూ పోయి మన గొయ్యి మనమే తవ్వుకున్నాం," అన్నాడు కర్సో తాత.

అందరూ చల్లబడ్డారు. అప్పుడు వాగియెమ్ మాట్లాడింది. నలుగురిలో నోరు విప్పడం ఆమెకు అలవాటు లేదు. విప్పితే మాత్రం మెత్తగా ఉండదు.

"మనం పిల్లుల్లా ఒక్కొక్కళ్ళం పోతున్నాం. కనుకే ఒక్కొక్క బుట్టా తన్నించుకుంటున్నాం. బదులు పనికి డోలెందుకు? ఎవరి తోటకి వాళ్ళు పిలవొచ్చు. సంబాతన్ పిలిచే హక్కు లూరాకి ఎవరూ రాసివ్వలేదు కదా."

సంబాతన్ అంటే బదులు పని, ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. పిలిచేవాళ్ళు ఇంటింటి గడపలో నిలబడి 'రేపు నా పని' అంటారు. కాదనకూడదు. కూలి ఉండదు, పిలిచినవాళ్ళు కడుపునిండా పెట్టాలి, రేపు వాళ్ళు పిలిస్తే మనం పోవాలి. అయితే పని బాధ్యత మొత్తం పిలిచినవాళ్ళదే. ఎవరి కాలు విరిగినా, ఎవరికి పాము కరిచినా, దానికి జవాబు పిలిచిన ఇల్లే చెప్పాలి. వసారాలో అందరికీ ఆ మాటే తట్టింది. ఇప్పుడు పిలిచినవాళ్ళు దేనికి జవాబు చెప్పాలో అందరికీ అర్థమైంది. అందుకే ఎవరూ 'నేను పిలుస్తా' అనలేదు. గోడకేసి చూశారు, వానకేసి చూశారు.

"నేను పిలుస్తా," అంది వాగియెమ్.

"నీ ఇంట్లో ఏముందని ఊరికి పెడతావే? నీ మొగుడు పోయినప్పట్నించీ నువ్వు పిలిచిందే లేదు," అంది జుమియాతి.

"మేక ఉంది. కర్రపెండలం ఆకు ఊరంతా ఉంది. కొబ్బరికాయలు మీరు తెండి. నన్ను తీసుకుపోతే పిల్లలు నీ ఇంట్లో ఉంటారు."

"ఉంటారే. నోరు మూసుకుని ఉండమను, నాలాగా," అంది జుమియాతి. ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో వసారాలో గాలి కాస్త ఆడింది.

వాన వెలిశాక వాగియెమ్ ప్రతి గడపా ఎక్కింది. గడప వదలకూడదు, అది పద్ధతి. లూరా గడప కూడా ఎక్కింది.

"రేపు నా పని, లూరా గారూ. కాఫీ కోత."

"నీకు మతి పోయిందా? అక్కడ అడుగు పెడితే జైలు."

"పిలవడం నా వంతు. మీరు రాకపోతే ఊరు చూస్తుంది," అని దిగిపోయింది.

చివరి గడప తమ్ముడిది. సగిమాన్ తలుపు సగమే తీశాడు.

"నన్నెందుకక్కా పిలుస్తావు? రేపు నేను వంతెన దగ్గర డ్యూటీలో ఉంటాను."

"తెలుసు. నాన్న తోటలో పై సగం నీది. అది కూడా పండి ఉంది. వెళ్ళి చూశావా?"

"నాకు జీతం వస్తుంది."

"వస్తుంది. ఆ జీతంతో కాఫీపొడి కొనుక్కుని తాగు," అని వెనక్కి తిరిగింది.

తెల్లారి ఊరు కదిలింది. బుట్టలు, గోనెపట్టాలు, పారలు, రెండు పెద్ద బానలు, కట్టెలు, చంకన పిల్లలు. హెల్మి దూరం నుంచే చూశాడు. తుపాకీ తీయాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించి, అంతకంటే తెలివైన పని చేస్తున్నాననుకుని, వంతెన పలకలు లాగించేశాడు.

"ఇప్పుడు ఎగిరి రండి!" అని అరిచాడు.

ఎవరూ ఎగరలేదు. కాస్త కిందుగా, ఏనుగు గట్టు పడగొట్టిన చోటికి నడిచారు. పారలున్నవాళ్ళు ఇంకాస్త మట్టి లాగి వాలు చేశారు. ముసలివాళ్ళను చెయ్యి పట్టి దించారు, బానలు చేతులు మార్చుకుంటూ అవతల గట్టెక్కించారు. బురదలో కాలు జారి ఒకావిడ కూర్చుండిపోతే, "ఏనుగే నయం," అని పక్కావిడ లేపింది. తాము తవ్విన కందకం తమ పారలకు లొంగిందని చూసి వాళ్ళకే ఆశ్చర్యమేసింది.

వాగియెమ్ తోటలో కోత మొదలైంది. కొమ్మ వంచడం, పిడికిట్లో పట్టి లాగడం, బుట్టలో టపటపా పండు పడడం. ఎవరో పాటెత్తుకున్నారు. తోట మధ్య మూడు రాళ్ళ పొయ్యి మీద మేక మాంసం ఉడుకుతోంది.

హెల్మి మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు. గాల్లోకి ఒకసారి కాల్చాడు. పిల్లలు ఏడ్చారు. పెద్దవాళ్ళు వంచిన కొమ్మ వదల్లేదు.

"ఈ తోట ఎవరిది?" అని మొదటి చెట్టు దగ్గరున్నవాణ్ణి గద్దించాడు.

"నాది కాదు."

"నువ్వెందుకు కోస్తున్నావు?"

"బదులు పనికొచ్చా."

పక్క చెట్టు దగ్గరికి పోయాడు. "నీదా?"

"నాది కాదయ్యా. బదులు పనికొచ్చా."

ఒకడి బుట్ట లాగి బోర్లించాడు. ఆ పక్కావిడ తన బుట్టలోంచి సగం తీసి వాడి బుట్టలో పోసింది. హెల్మి దాన్నీ తన్నాడు. ఇంకొకరు పోశారు. తోటంతా తన్నాలంటే అతని కాలు చాలదు. అతను అధికారి. అధికారికి పేరు కావాలి. పేరు దొరక్కపోతే అతని పెన్ను కూడా పని చెయ్యదు.

"పిలిచిందెవరు?" అని అరిచాడు.

"నేనే," అంది వాగియెమ్ పొయ్యి దగ్గర్నుంచి. గరిటె కడిగి పక్కన పెట్టింది. "నా తోట. నేనే పిలిచా. తోటకొచ్చినవాళ్ళని తినకుండా పంపడం మా పద్ధతి కాదు. కూర్చో, ముందు తిను. తర్వాత పట్టుకుపోదువుగాని."

"సగిమాన్! దీనికి చేతులు కట్టు."

సగిమాన్ ప్లాస్టిక్ పట్టీ పట్టుకుని వచ్చాడు. ఊరంతా కోత ఆపి చూసింది. పట్టీ చివర కన్నంలో దూరలేదు.

"గట్టిగా కట్టరా. జారిపోతే నీ ఉద్యోగం కూడా జారిపోతుంది," అంది అక్క.

వాడు కట్టాడు. అప్పటిదాకా ఊరుకు వాడి మీద కోపంతోపాటు కాస్త జాలీ ఉండేది. కట్టాక ఆ జాలి కూడా మిగల్లేదు. ఒక పిల్లాడు వాడి బూటు మీద ఉమ్మాడు. వాళ్ళమ్మ వాణ్ణి ఏమీ అనలేదు.

వాగియెమ్‌ను నడిపిస్తుంటే, జుమియాతి వచ్చి పొయ్యి దగ్గరి గరిటె అందుకుంది. బానలో తిప్పి, రుచి చూసి, తోటంతటికీ వినబడేలా అంది:

"ఉప్పు సరిపోయింది. తినండి. తిని మిగతా చెట్లు కోయండి. రేపు నా పని. ఇంటింటికీ తిరిగే ఓపిక లేదు, ఇక్కడే పిలుస్తున్నా. హెల్మి గారూ, నా పేరు జుమియాతి. రాసుకోండి, మళ్ళీ మర్చిపోతారు."

హెల్మి ఒక్క మనిషిని పట్టుకున్న గర్వంతో కొండ దిగాడు. అతని వెనకే వాగియెమ్ కాపు బస్తా తర్వాత బస్తాగా ఆ వాలు మీదుగా కొండ దిగసాగింది. అతను వెనక్కి తిరిగి చూడలేదు. అధికారులకు వెనక కళ్ళుండవు, ముందువి కూడా జీతం రోజునే పనిచేస్తాయి.

పట్నం పోలీసు స్టేషనులో ఆడవాళ్ళకొక గది, మగవాళ్ళకొక గది. మధ్యలో సగం గోడ. మిగతా సగం చువ్వలు. వాగియెమ్ ఒక రాత్రి, ఒక పగలు ఒంటరిగా కూర్చుంది. మర్నాడు సాయంత్రం జుమియాతిని తెచ్చారు.

"అయిందా?" అంది వాగియెమ్.

"కొమ్మ మీద ఒక్క పండు ఉంటే ఒట్టు. నీ పిల్లలు మా చెల్లి దగ్గరున్నారు. చిన్నాడు నా చాప మొత్తం తడిపాడు."

ఆ తర్వాత కర్సో తాత పక్క గదిలోకి వచ్చాడు. ఆ తర్వాత కిందింటావిడ, హెల్మికి బస్తా ఇచ్చి దాటినామె. "ఇచ్చినా మళ్ళీ అడిగాడు," అంటూ తల దించుకునే వచ్చింది. జుమియాతి జరిగి చోటిచ్చింది. పిలిచినవాళ్ళను పిలిచినట్టే పట్టుకొస్తున్నారు. పట్టుకొచ్చిన సాయంత్రమే ఊళ్ళో ఇంకొకరు పిలుస్తున్నారు. ఎస్సై తల పట్టుకున్నాడు.

"ఇది స్టేషనా, పెళ్ళివిడిదా? రోజుకొకళ్ళు దిగుతున్నారు. మీ అందరి తిండి నేనెక్కణ్ణించి తేవాలి?"

"మమ్మల్నెవరు రమ్మన్నారయ్యా? మేం తోటలో వండుకుంటూనే ఉన్నాం," అంది జుమియాతి.

"తాతా, నువ్వయినా చెప్పు. ఇంకా ఎంతమంది వస్తారు?"

"తోటలెన్నున్నాయో వెళ్ళి చూసి రా. ఇంజనీర్లని తోడు తీసుకుపో," అన్నాడు కర్సో తాత.

ఒక సాయంత్రం మళ్ళీ తలుపు చప్పుడైంది. పక్క గదిలోకి ఎవర్నో తోశారు. చువ్వల్లోంచి ముందు వాగియెమ్‌కు బూట్లు కనిపించాయి, ప్రాజెక్టు బూట్లు. కాపలావాడేమో అనుకుని మొహం తిప్పుకోబోయింది. పైన ఆకుపచ్చ చొక్కా లేదు, మసి పట్టిన పాత బనీను ఉంది. మొహం ఒక పక్క వాచి ఉంది.

"నువ్వేంట్రా ఇక్కడ?"

సగిమాన్ గోడకానుకుని కూర్చున్నాడు. "నాన్న తోట. పై సగం," అన్నాడు.

కిందింటావిడ నోటి మీద చెయ్యేసుకుంది.

"ఎవరు కొట్టారు?"

"హెల్మి. చొక్కా విప్పి చేతికిస్తే కొట్టాడు."

"బూట్లు ఇవ్వలేదేం?"

"ముళ్ళున్నాయి కదా తోటలో. కోత అయ్యాక ఇద్దామనుకున్నా."

జుమియాతి కిసుక్కున నవ్వింది. వాగియెమ్ నవ్వలేదు. చువ్వలు పట్టుకుని నిలబడింది.

"గడప గడపకీ పోయి పిలిచావా?"

"పోయా."

"తలుపు మొహాన వేశారా?"

"నలుగురు వేశారు. ఒకావిడ పేడనీళ్ళు పోసింది."

"వంట?"

"నేనే వండా. ఉప్పు వెయ్యడం మర్చిపోయా."

"ఉప్పు లేని కూర పెట్టావా ఊరికి?" అంది వాగియెమ్. "తినడానికి ఎవరైనా వచ్చార్రా?"

"వచ్చారక్కా. తలుపు వేసినవాళ్ళు కూడా వచ్చారు. తిడుతూనే తిన్నారు. తిడుతూనే కోశారు. ఒక్క చెట్టూ మిగల్చలేదు."

"రేపెవరు?" అంది జుమియాతి.

"కొట్లాట అయింది దానికి. ముగ్గురు ఒకేసారి పిలిచారు."

ఎస్సై తలుపు దగ్గరకొచ్చి లాఠీతో గోడ మీద కొట్టాడు. "మాటలాపండి! రేపెవరూ పిలవరు. రేపు పై నుంచి బలగాలొస్తున్నాయి. తెలిసిందా?"

"రానీయండి," అంది వాగియెమ్ అతనివైపు చూడకుండానే. "ఎంతమందో ముందే చెప్పండి అయ్యా. బియ్యం నానబెట్టుకోవాలి."